రక్తస్రావ జ్వరములు – అక్షరమెరిగిన ఔషధము



ఈ సాయంకాలము నేను మీతో ముచ్చటింపదలచినది జ్వరమును గూర్చి. జ్వరము మనకు క్రొత్త కాదు. చలిజ్వరమనియు, విషజ్వరమనియు, సన్నిపాతమనియు మన పెద్దలు పేర్లు పెట్టి వేరుపరచినవి ఎన్నియో కలవు. వీనిలో కొన్ని జ్వరములు రక్తనాళములను సడలించి, చిగుళ్లనుండియు, ముక్కునుండియు, కడుపులోపలను రక్తము స్రవింపజేయును. వీనిని వైద్యులు రక్తస్రావ జ్వరములందురు. వీనికి కారణము వైరసు అను మిక్కిలి సూక్ష్మమైన విషకణము. ఆ కణముయొక్క జన్యువులనే, అనగా దాని పుట్టుకవ్రాతనే, గురిచూచి కొట్టు మందులకై శాస్త్రజ్ఞులు ఇటీవలి సంవత్సరములలో గొప్ప యత్నము చేసిరి. ఆ యత్నమెట్టిది, ఎంతవరకు ఫలించినది, దానివలన మనము నేర్వవలసినదేమి అని చెప్పుటయే నా యుద్దేశము.

నేను వైద్యుడను గాను. బడిలో పిల్లలకు ప్రకృతిశాస్త్రము బోధించి విశ్రాంతి పొందినవాడను. ఈ విషయము నాకెందుకు పట్టినదో ముందు చెప్పవలెను.

కాణిపాకమునకు పొరుగుననున్న మా ఐరాలలో, నాకు వరుసకు మామ యగు ఒక పెద్దమనిషి కలడు. ఆయన మనుమరాలికి తొమ్మిదేండ్లు. ఒక కార్తికమాసమున ఆ బిడ్డకు తీవ్రమైన జ్వరము వచ్చెను. కండ్లవెనుక నొప్పి, ఒళ్లునొప్పులు, వాంతులు. నాలుగవనాటి సాయంకాలమునకు ఒళ్లు చల్లబడెను. ఇంటిల్లిపాదియు సంతోషించిరి. చిత్తూరు ఆసుపత్రికి తీసికొనిపోవుటకై పిలిచిన ఆటోను ఏమి చేయుదమని మామ నన్నడిగెను. "జ్వరము దిగినది గదా, రేపు చూచుకొందము" అని నేను చెప్పితిని. చదువుకొన్నవాడను గనుక నా మాటకు విలువ కలదు. కాని ఆ బిడ్డ తల్లి నా మాట వినలేదు. పిల్ల చేతులు మంచువలె నున్నవనియు, కడుపునొప్పి తగ్గలేదనియు చెప్పి, ఆ రాత్రియే తీసికొనిపోయెను. రక్తనాళములనుండి నీరు బయటికి కారిపోవుచున్నదనియు, తెల్లవారువరకు ఆగియున్నచో బిడ్డ దక్కెడిది కాదనియు అక్కడి వైద్యుడు చెప్పెను. అది డెంగీ జ్వరము. బిడ్డ బ్రదికినది, నా సలహావలన కాదు, దానిని త్రోసిపుచ్చిన తల్లివలన.

కొన్నాళ్లకు రచ్చబండ వద్ద మామ నన్నడిగెను: "ఏమప్పా, సదువుకున్నోడివి గదా, చంద్రుని మీదికి పోయినోళ్లు ఈ జొరానికి ఒక్క సూది కనిపెట్టలేరా?" ఆ ప్రశ్నకు అప్పుడు నా యొద్ద ప్రత్యుత్తరము లేకుండెను. తరువాత చదివి తెలిసికొన్నదానిని నేడు మీ ముందుంచుచున్నాను.

మొదట వైరసు అన నేమి? మన శరీరము లెక్కకు మిక్కిలియగు జీవకణములతో కట్టబడినది. ఒక్కొక్క కణమును ఒక్కొక్క కచేరీ యనుకొనుడు. దాని నడుమ మూలపత్రములు భద్రపరచబడి యుండును. అందు వ్రాయబడిన యక్షరములు సుమారు 300 కోట్లు. ఆ మూలమునుండి అప్పటికప్పుడు నకళ్లు తీసి, తాఖీదులుగా బయటికి పంపుదురు. తాఖీదులో నున్నట్లు గుమాస్తాలు పని చేయుదురు. ఆ తాఖీదునే శాస్త్రజ్ఞులు ఆర్.ఎన్.ఏ. అందురు. దాని భాషలో నాలుగే యక్షరములు కలవు.

వైరసు ఒక దొంగ తాఖీదు. కొవ్వును మాంసకృత్తులును కలిసిన చిన్న సంచిలో ఒక వ్రాతను మోసికొని వచ్చును. అది డెంగీ వైరసైనచో ఆ వ్రాత సుమారు 11,000 అక్షరములు. ఎబోలా వైరసైనచో సుమారు 19,000. ఇంతకుమించి దానికి చేతులు లేవు, కాళ్లు లేవు, స్వయముగా ఆహారము తినదు, ఊపిరి పీల్చదు. మన కచేరీలోనికి చొరబడి, మన గుమాస్తాలచేతనే తన నకళ్లను వేలకొలది వ్రాయించుకొనును. గుమాస్తాలు అది నిజమైన తాఖీదా దొంగదా యని విచారింపరు. ఇందువలననే వైరసును చంపుట కష్టము. బాక్టీరియాలకు వాని సొంత పనిముట్లు కలవు; వానిని విరుగగొట్టు మందులు మనకు కలవు. వైరసు వాడుకొను పనిముట్లలో పెక్కు మనవే. వానిని విరుగగొట్టినచో మనమే చెడుదుము.

ఇట్టి వైరసులవలన వచ్చు రక్తస్రావ జ్వరములు లోకములో పలు చోట్ల కలవు. 1967లో జర్మనీ దేశపు మార్బర్గ్ పట్టణమున, కోతుల రక్తము తాకిన ప్రయోగశాల పనివారికి ఒకటి సోకెను. 1976లో ఆఫ్రికాలో ఎబోలా యను నది పేరు పెట్టబడిన జ్వరము వెలువడెను. మన పొరుగున కన్నడదేశములో, శివమొగ్గ జిల్లా క్యాసనూరు అడవియందు కోతులు రాలిపోవుచుండగా, 1957లో ఒక క్రొత్త వైరసు కనిపెట్టబడెను. అది ఉణ్ణులవలన మనుష్యులకు వచ్చును. 2011లో గుజరాతునందు, ఉణ్ణులవలననే వచ్చు క్రిమియా-కాంగో జ్వరము బయటపడెను.

మనకు మిక్కిలి దగ్గరిది డెంగీ. వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలను మన చిత్తూరు సీమలో ఎరుగనివారుండరు. 1960 తరువాతి దశాబ్దమున అక్కడి పరిశోధకులు రోగుల రక్తమును, దోమలను పరీక్షించి, డెంగీ వైరసు నాలుగు తెగలును ఆ యూరియందు కలవని చూపిరి. 1963లో కలకత్తాలో డెంగీ రక్తస్రావముతో కూడి విజృంభించెను. కావున ఈ శత్రువు మన గడపలోనికి నిన్న వచ్చినవాడు కాడు. డెంగీ వచ్చిన వారిలో అధికులు సామాన్యముగా కోలుకొందురు. కొందరిలో మాత్రమే అది రక్తస్రావ రూపము దాల్చును. ఒక తెగ సోకి తగ్గినవానికి మరియొక తెగ సోకినచో ఆ యపాయము హెచ్చు.

ఇక మందు కథ. 1998లో అమెరికా దేశపు శాస్త్రజ్ఞులు ఆండ్రూ ఫైర్, క్రెయిగ్ మెల్లో అనువారు, మిక్కిలి చిన్న నులిపురుగుపై ప్రయోగములు చేయుచు ఒక వింతను కనుగొనిరి. జీవకణములో ఒక తలారి కలడు. వాని చేతికి జంటపోగుగా నున్న చిన్న ఆర్.ఎన్.ఏ. చీటీ నొకదాని నిచ్చినచో, ఆ చీటీలోని యక్షరములకు సరిపడు వ్రాత గల తాఖీదును వెదకి పట్టుకొని చించివేయును. తక్కిన తాఖీదుల జోలికి పోడు. ఈ యావిష్కారమునకు 2006లో వారికి నోబెల్ బహుమానము లభించెను.

ఇది తెలిసినంతనే వైద్యులకొక యూహ తోచెను. దొంగ తాఖీదులోని ఇరువదియొక్క అక్షరముల నేరి చీటీ వ్రాసి రోగి కణములలోనికి పంపినచో, మన తలారియే ఆ దొంగను పట్టి చించివేయును గదా! శత్రువు ముఖము చూడనక్కరలేదు. వాని దస్తూరి తెలిసిన చాలును. జన్యువును గురిచూచు చికిత్స యనగా నిదియే.

వినుటకు సులభముగా నున్నది. కాని ఇది ఫలించుటకు మూడు కుదరవలెను. మొదటిది అక్షరము, రెండవది వాహనము, మూడవది కాలము.

అక్షరమనగా, ఏరిన యక్షరములు దొంగ తాఖీదులో తప్పక యుండవలెను. మన నిజమైన తాఖీదులలో నుండరాదు. ఉన్నచో తలారి మంచి కాగితములనే చించును. పైగా వైరసు నకళ్లు వ్రాయించుకొనునప్పుడు అక్షరదోషములు దొర్లుచుండును. ఒకటి రెండు అక్షరములు మారిన చాలు, చీటీకి పట్టు తప్పవచ్చును. కావుననే శాస్త్రజ్ఞులు, మారినచో వైరసే చెడునట్టి చోట్లను వెదకి, ఒకటికి మించిన చీటీలను కలిపి పంపుదురు.

వాహనమనగా, చీటీని వట్టిగా రక్తములోనికి ఎక్కించినచో అది నిలువదు. రక్తములోని రసములు దానిని ముక్కలు చేయును. మూత్రపిండములు బయటికి నెట్టివేయును. అందుచే దానిని అతిసూక్ష్మమైన కొవ్వుపూసలో పొదిగి పంపవలెను. ఆ పూస కణమునకు తగిలి, కరగి, చీటీని లోపల విడుచును.

కాలమనగా నేమో ఎబోలా కథయే చెప్పును.

2010లో బోస్టన్ విశ్వవిద్యాలయమునకు చెందిన థామస్ గీస్బర్ట్, ఆయన సహచరులు కోతులకు మారకమైన మోతాదులో ఎబోలా వైరసు నెక్కించి, అరగంట గడచినంతనే ఇట్టి చీటీలతో చికిత్స ప్రారంభించిరి. నాలుగుమార్లు మందు పొందిన మూడు కోతులలో రెండు బ్రదికెను. ఏడుమార్లు పొందిన నాలుగును బ్రదికెను. అది గొప్ప వార్త. కాని అరగంటలోపల మందు పొందు రోగి లోకములో ఎవడు?

2014లో పశ్చిమ ఆఫ్రికాలో ఎబోలా మహామారిగా చెలరేగెను. అది అణగునప్పటికి 28,600 మందికి పైగా రోగపడిరి. 11,300 మందికి పైగా చనిపోయిరి. ఆ వైరసు అక్షరములు కొన్ని పూర్వపు వానికంటె మారియుండెను. శాస్త్రజ్ఞులు దాని వ్రాతను చదివి, దానికి సరిపడునట్లు చీటీలను తిరుగ వ్రాసిరి. ఇక్కడ ఈ విద్యయొక్క బలము కనబడుచున్నది. పాత మందును పారవేయనక్కరలేదు, అక్షరము దిద్దిన చాలును. 2015లో ఆ క్రొత్త మందు, వైరసు ఎక్కించిన మూడు దినముల తరువాత ఇచ్చినను కోతులను కాపాడెను.

అదే సంవత్సరము మార్చిలో సియెర్రా లియోన్ దేశమున, పోర్ట్ లోకో అనుచోట, ఆ మందును మనుష్యులకిచ్చి పరీక్షింప మొదలిడిరి. జూనునాటికి పరీక్ష నిలిచిపోయెను. మందు పొందినవారు అధికముగా బ్రదికినట్లు కనబడలేదు. వచ్చిన రోగులు చాలవరకు వ్యాధి ముదిరినవారు. వారి రక్తములో వైరసు అప్పటికే మితిమీరి నిండియుండెను. పది దొంగ తాఖీదులను చించవలసిన తలారి ముందర పదిలక్షలు కుప్పబోసినచో వాడేమి చేయగలడు? ఇదియొక్కటే కారణమని రుజువైనదని నేననను. కాని కోతికి పనికివచ్చినది మనుష్యునికి పనికివచ్చునని, పరీక్షింపక చెప్పరాదని మాత్రము లోకమునకు తెలిసినది.

తరువాత ఎబోలాకు మందు రాలేదా? వచ్చెను, మరియొక త్రోవను. 1995లో కాంగోదేశపు కిక్విట్ పట్టణమున ఆ జ్వరము సోకి బ్రదికిన ఒకని రక్తమునుండి, వైరసును పట్టుకొను రక్షకపదార్థమును వేరుచేసి, ప్రయోగశాలలో విస్తారముగా తయారు చేసిరి. ఇది తాఖీదును చించదు. దొంగను గడప దాటనీయక పట్టుకొనును. 2018 నవంబరు మొదలు 2019 ఆగస్టు వరకు కాంగోలో 681 మంది రోగులపై నాలుగు మందులను పోల్చి చూచిరి. పూర్వపు మందు పొందినవారిలో నూటికి సుమారు 50 మంది చనిపోగా, ఈ మందు పొందినవారిలో సుమారు 35 మంది, ఇట్టిదే యగు మరియొక మందు పొందినవారిలో సుమారు 34 మంది చనిపోయిరి. 2020లో అమెరికా ప్రభుత్వము ఈ రెండింటికిని అనుమతి నిచ్చెను.

అయ్యలారా, ఆ పరీక్షలో మనము గుర్తుంచుకొనవలసిన లెక్క మరియొకటి కలదు. రక్తములో వైరసు తక్కువగా నున్నప్పుడే ఆ మందులు పొందినవారిలో నూటికి సుమారు పదిమంది మాత్రమే చనిపోయిరి. మందు అదే, వైద్యులు వారే, గుడారము అదే. రక్తములో విషము పెచ్చుపెరుగక మునుపు చికిత్స దొరకుటయే భేదము. రోగము సోకిన తరువాత ఎన్నవ దినమున వచ్చితిమనునది బ్రదుకునకు చావునకు నడుమ నిలిచినది.

చీటీ మందు మాత్రము వ్యర్థమైపోలేదు. 2018 ఆగస్టులో, వంశపారంపర్యముగా వచ్చు నరముల జబ్బు నొకదానికి ఇట్టి చీటీని కొవ్వుపూసలో పొదిగిన మందు అమెరికాలో అనుమతి పొందెను. ఈ జాతి మందులలో అనుమతి పొందినది అదియే మొదటిది. 2020 చివర కోవిడునకు వచ్చిన కొన్ని టీకాలును ఇట్టి కొవ్వుపూసలలోనే ప్రయాణము చేసినవి. అయితే వానిలో చించు చీటీ గాక, శరీరమునకు శత్రువును పరిచయము చేయు తాఖీదు ఉండెను. 2022లో హైదరాబాదునందలి కణ, అణు జీవశాస్త్ర కేంద్రము, అనగా సి.సి.ఎం.బి., ఇట్టి తాఖీదు టీకాలను చేయు విధానమును తన స్వశక్తితో సాధించితినని ప్రకటించెను. వాహనము కట్టు విద్య తెలుగుగడ్డమీదికి వచ్చినదని మనము సంతోషింపవచ్చును.

మరి డెంగీకి సూది ఏది అని మామ ప్రశ్న. డెంగీ వైరసు తాఖీదును చించు చీటీలు ప్రయోగశాలలోని కణములలో పని చేసినవి. కాని రోగికి ఇచ్చుటకు అనుమతి పొందిన మందు, చీటీ గాని మాత్ర గాని, ఇంతవరకు లేదు. మొదటి యడ్డంకి అక్షరము. నాలుగు తెగలకును సరిపడు చోటు వెదకవలెను. రెండవది వాహనము, వైరసు దాగిన కణములన్నింటికి చీటీ చేరవలెను. మూడవది, అన్నింటికంటె గడ్డుది, కాలము. డెంగీలో రక్తమునందు వైరసు హెచ్చుగా నుండునది మొదటి రెండు మూడు దినములే. అపాయము వచ్చుసరికి వైరసు తగ్గిపోవుచుండును. అది రేపిన కల్లోలము మాత్రము మిగులును. దొంగ వెళ్లిపోయిన తరువాత తలారిని పంపి లాభమేమి?

వీనికి తోడు ధనము కలదు. వైరసు నకళ్లు వ్రాయించుకొనకుండ అడ్డుపడు ఒక మాత్రను డెంగీకై పరీక్షించుచుండిన సంస్థ, 2024 అక్టోబరులో, తన వ్యాపారమునందలి ప్రాధాన్యములు మారినవని ఆ పరీక్షను నిలిపివేసెను. బీదల జ్వరమునకు మందు చేయుట లాభసాటి బేరము కాదు. అందుచేతనే ప్రభుత్వములు పూనుకొనవలెను. 2024 ఆగస్టులో మన దేశమున భారత వైద్య పరిశోధనా మండలి, ఒక స్వదేశ సంస్థతో కలిసి, నాలుగు తెగలకును పనికివచ్చు డెంగీ టీకాయొక్క మూడవ దశ పరీక్షను పదివేలకు పైగా జనులతో ప్రారంభించెను. అది మంచి అడుగు.

అయ్యలారా, అక్షరము శాస్త్రజ్ఞుల చేతిలో నున్నది. వాహనము వారి చేతిలోనే యున్నది. కాలము మాత్రము మన చేతిలో నున్నది. రేపు ఆ సూది వచ్చినను, రెండవనాడు ఆసుపత్రి చేరినవానికే అది అక్కరకు వచ్చును. నేడు సూది లేకున్నను, వేళకు చేరి తగిన ద్రవము లెక్కించి ఎక్కించిన రోగులలో చనిపోవువారు నూటికి ఒక్కరికంటె తక్కువ. కావున నేను తప్పిన చోట మీరు తప్పవలదు.

డెంగీ జ్వరము దిగిన దినమే కనిపెట్టి చూడవలసిన దినము. సాధారణముగా మూడవనాటినుండి ఏడవనాటివరకు ఈ గండము వచ్చును. జ్వరము తగ్గుచుండగా కడుపునొప్పి తీవ్రమైనను, వాంతులు ఆగకున్నను, చిగుళ్లనుండి గాని ముక్కునుండి గాని రక్తము కనబడినను, బిడ్డ మగతగా పడియున్నను లేక నిలుకడ లేక పొరలాడినను, చేతులు కాళ్లు చల్లబడినను, తెల్లవారనీయక బయలుదేరుడు. ఒళ్లునొప్పులకని ఆస్పిరిను, ఐబుప్రొఫెను మాత్రలు మింగరాదు; అవి రక్తస్రావమును హెచ్చించును. జ్వరమునకు పారసిటమాలు చాలును, అదియు వైద్యుడు చెప్పిన మోతాదులో. నీరు, గంజి, మజ్జిగ ధారాళముగా త్రాగింపవలెను.

దొంగ తాఖీదును మోసికొని వచ్చు బంట్రోతు దోమ. దోమలో మలేరియా క్రిమిని 1897 ఆగస్టు 20వ తేదీన రొనాల్డ్ రాస్ కనిపెట్టినది మన సికింద్రాబాదులోనే. డెంగీ దోమ వేరు జాతి, పగటిపూట కుట్టును, మురికిగుంటలో గాక ఇంటి మంచినీటిలో గ్రుడ్లు పెట్టును. మనది నీటికి కరవైన సీమ. బోర్లు ఎండిన వేసవిలో వచ్చిన నీటిని తొట్లలోను, డ్రమ్ములలోను, బానలలోను దాచుకొందుము. తప్పు నీరు దాచుటలో లేదు, మూత పెట్టకపోవుటలో నున్నది. గ్రుడ్డు దోమ యగుటకు సుమారు వారము పట్టును. కావున వారమున కొకదినము ప్రతి తొట్టిని ఖాళీ చేసి, గోడలను పీచుతో తోమి, ఎండబెట్టవలెను. ఎండిన గోడకంటిన గ్రుడ్లు నెలలకొలది చావక, మరల నీరు తగిలినప్పుడు పొదుగును; అందుచే తోముట ముఖ్యము. ఒక్క యిల్లు చేసిన చాలదు. పొరుగింటి తొట్టిలోని దోమకు ప్రహరీగోడ అడ్డు కాదు. ఇట్టిదానిని వీధి వీధికి చెప్పి చేయింపగలవారు మీవంటి పెద్దలే.

మా మామకు నేను చెప్పిన ప్రత్యుత్తరము ఇంతే: "మామా, సూది కుట్టు పని జరుగుచున్నది. అది వచ్చువరకు ఆ బిడ్డ తల్లియే మన వైద్యురాలు." ఆయన నవ్వలేదు. లేచి పోయి, తన యింటి తొట్టికి చెక్కమూత చేయించుటకు వడ్రంగిని పిలిపించెను.

సెలవు.